రాజు పోయిన మర్నాడు: మధ్యయుగ రాజ్యాన్ని ఏలే గేముల్లో మీకు సరిపోయేది ఏది?

మధ్యయుగపు రాజ్యాన్ని మన చేతిలో పెట్టి ఏలుకోమనే గేములు చాలానే ఉన్నాయి. స్టోర్‌లో చూస్తే అన్నిటి ముఖచిత్రాలూ ఒకేలా ఉంటాయి: కోట, జెండా, గుర్రం మీద కవచం తొడుక్కున్న మనిషి. కింద రాసే నాలుగు ముక్కలూ దాదాపు అవే. లోపలికి వెళ్తే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఒకదాంట్లో సగం సమయం పెళ్ళి సంబంధాలు చూడటానికే పోతుంది. ఇంకోదాంట్లో గోధుమలు ఎన్ని, రొట్టెలు ఎన్ని అన్న లెక్క. మరోదాంట్లో రాజే గుర్రమెక్కి ముందు వరసలో కత్తి తిప్పాలి. అందుకే "రాజ్యం ఏలే మంచి గేమ్ ఒకటి చెప్పండి" అని ఎవరైనా అడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకోలేను.

ఇలాంటి గేమ్ ఏది కనబడినా నేను ముందు చూసేది ఒకటే: ఇందులో రాజు చనిపోతే మర్నాడు ఏమవుతుంది? గ్రాఫిక్స్, మ్యాప్ సైజు, సైనికులు ఎన్ని రకాలు అన్నవన్నీ ఆ తర్వాతే. రాజు చావుని గేమ్ ఎంత పట్టించుకుంటుందో చూస్తే, రాజ్యం అంటే దాని ఉద్దేశం ఏమిటో తెలిసిపోతుంది. కొన్నిటికి రాజ్యమంటే వంశం. కొన్నిటికి సైన్యం. ఇంకొన్నిటికి ధాన్యం కొట్టు. మీకు వీటిలో ఏది కావాలో తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

వంశమే రాజ్యం: క్రూసేడర్ కింగ్స్ 3

2020 సెప్టెంబర్ 1న పారడాక్స్ అనే కంపెనీ విడుదల చేసిన ఈ గేమ్‌లో మీరు ఒక దేశంగా ఆడరు, ఒక మనిషిగా ఆడతారు. ఆ మనిషికి వయసు, జబ్బులు, కోపతాపాలు, భార్యాబిడ్డలు, పడనివాళ్ళు అన్నీ ఉంటాయి. ఆ మనిషి పోతే వారసుడి ఒంట్లోకి వెళ్ళి ఆట సాగిస్తారు. వంశంలో వారసుడే లేకపోతే ఆట అక్కడితో అయిపోతుంది. 867లోనో 1066లోనో మొదలుపెట్టి 1453 దాకా ఆడవచ్చు. 2024లో వచ్చిన రోడ్స్ టు పవర్ అనే డీఎల్‌సీతో (విడిగా కొనుక్కునే అదనపు భాగంతో) పాటు 1178 కూడా చేరింది.

రాజు పోయిన మర్నాడు ఇక్కడ జరిగేది దగ్గర నుంచి చూడాల్సిందే. మీ రాజు ముప్ఫై ఏళ్ళు ఏలాడు, ముగ్గురు కొడుకులు ఉన్నారు అనుకోండి. ఆట మొదట్లో ఉండే వారసత్వ చట్టం ఆస్తిని పంచేస్తుంది. పెద్దవాడికి కిరీటం, రాజధాని దక్కుతాయి. మిగతా కౌంటీలు, అంటే జిల్లాల్లాంటి చిన్న ప్రాంతాలు, తమ్ముళ్ళకు పోతాయి. మీ దగ్గర రెండో డచీ (కొన్ని కౌంటీలు కలిసిన పెద్ద ప్రాంతం) ఉంటే అది రెండోవాడి చేతికి వెళ్ళే అవకాశం ఎక్కువ. అంతకన్నా ప్రమాదం, మీరు పక్క రాజ్యంలో పెద్ద భాగం గెలిచి ఉండటం. అప్పుడు రెండోవాడు ఏకంగా స్వతంత్ర రాజు అయిపోవచ్చు. నిన్నటిదాకా మీదైన నేల ఈ రోజు తమ్ముడి రాజ్యం.

అది చాలదన్నట్టు సామంతులు మొదలుపెడతారు. వాళ్ళకు మీ తండ్రి మీద ఉన్న గౌరవం మీకు సంక్రమించదు. కొత్త రాజు, అందులోనూ కుర్రవాడు అనేసరికి జట్టు కడతారు. ఒక జట్టుకు రాజు అధికారం తగ్గాలి, ఇంకో జట్టుకు మీ బాబాయి గద్దెనెక్కాలి, మూడో జట్టుకు స్వాతంత్ర్యం కావాలి. వాళ్ళ బలం మీ బలంతో పోలిస్తే ఎంతో తెరమీద కనిపిస్తూనే ఉంటుంది, నెలనెలా పెరుగుతూ. తండ్రి కుదుర్చుకున్న పొత్తుల్లో చాలావరకు ఆయనతోనే పోతాయి, ఎందుకంటే ఇక్కడ పొత్తు మనుషుల మధ్య చుట్టరికం, దేశాల మధ్య ఒప్పందం కాదు.

ఇదంతా టెన్షన్‌గా అనిపించి "ఎందుకొచ్చిన గొడవ" అనుకునేవాళ్ళు ఈ గేమ్ కొనకపోవడమే మంచిది. "అయితే ముందే ఏం చేసుంటే బాగుండేది?" అని బుర్ర పరిగెత్తితే మాత్రం మీ గేమ్ ఇదే. చేయగలిగినవి చాలా ఉన్నాయి. రెండో డచీని చేతిలో ఉంచుకోకుండా నమ్మకస్తుడికి ఇచ్చేయడం. పెద్దకొడుకు తోబుట్టువులకు బలమైన ఇళ్ళల్లో సంబంధాలు చేయడం, రేపు అతనికి ఆ బావల సైన్యం పనికొస్తుంది. బొక్కసంలో బంగారం మిగిల్చి పోవడం. వంశానికి పెద్ద మీరే అయితే వంశ ప్రతిష్ఠ ఖర్చుపెట్టి పనికిరాని కొడుకుని వారసత్వం నుంచి తప్పించడం. పెద్దకొడుక్కే అంతా దక్కే చట్టం కూడా ఉంది గానీ, అది మధ్యయుగం చివరి దశలో వచ్చే ఆవిష్కరణ. అప్పటిదాకా పంపకాలతో వేగాల్సిందే.

రాజ్యం పెరిగేకొద్దీ ఇంకో చిక్కు. మీరు స్వయంగా ఏలగలిగే కౌంటీలకు పరిమితి ఉంటుంది, అది రాజుగారి పరిపాలనా సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. దాటితే పన్నులూ సైన్యమూ తగ్గుతాయి. కాబట్టి పంచాలి. ఎవరికి పంచాలి అన్నదే అసలు రాజకీయం. ఒకే డ్యూక్‌కి రెండు డచీలు ఇచ్చి సంతోషపెడితే, పదేళ్ళ తర్వాత మీ కొడుకు మీదకు వచ్చేది అతనే. చిన్న చిన్న పాలకులు ఎక్కువమంది ఉండటం, ఒక్క పెద్ద సామంతుడు ఉండటం కన్నా ఎప్పుడూ మేలని నా అభిప్రాయం.

లోటు కూడా చెప్పాలి. యుద్ధం ఇక్కడ కళ్ళకు కనబడదు. సైన్యాన్ని ఎటు పంపాలి, సేనాపతి ఎవరు, కొండ మీద నిలబడాలా నది దాటాలా అన్నది మీరు చూస్తారు, మిగతాది అంకెలు తేలుస్తాయి. ఇక చదవడం చాలా ఉంటుంది. ప్రతి సంఘటనా ఒక పేరా, ప్రతి మాట మీద మౌస్ పెడితే ఇంకో పెట్టె, అందులో ఇంకో పెట్టె. వాటిని ఓపిగ్గా చదివేవాళ్ళకే ఈ ఆట ఒంటబడుతుంది. మొదలుపెట్టడానికి 1066 ఐర్లాండ్ సరైన చోటు. ట్యుటోరియల్ కూడా అక్కడే, మన్‌స్టర్ పాలకుడితో. చుట్టూ అందరూ చిన్నవాళ్ళే, దీవి బయట నుంచి వచ్చి మింగేసేవాళ్ళు వెంటనే రారు.

డబ్బు పెట్టకుండా ఈ రుచి చూడాలంటే 2012 నాటి క్రూసేడర్ కింగ్స్ 2 ఉంది. దాని బేస్ గేమ్, అంటే డీఎల్‌సీలు లేని అసలు ఆట, 2019 అక్టోబర్ నుంచి ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కాకపోతే ఉచితంగా వచ్చేదాంట్లో క్రైస్తవ పాలకులుగా మాత్రమే ఆడగలరు. ముస్లిం పాలకులకు ఒక డీఎల్‌సీ, భారతదేశపు రాజాలకు ఇంకోటి విడిగా కొనాలి. మూడో భాగంలో ఆ గొడవ లేదు, బేస్ గేమ్‌లోనే భారతదేశపు రాజులుగా కూడా ఆడవచ్చు. నేర్చుకోవడం కూడా మూడో భాగంలోనే తేలిక. ఖర్చు అడ్డు కాకపోతే నేరుగా మూడుకే వెళ్ళండి.

సైన్యమే రాజ్యం: మెడీవల్ 2 టోటల్ వార్

2006లో వచ్చిన గేమ్‌ని ఇప్పుడు ఎందుకు చెబుతున్నారని అడగవచ్చు. మ్యాప్ మీద టర్నుల వారీగా, అంటే ఒకరి తర్వాత ఒకరు వంతు వేసుకుంటూ, రాజ్యం నడుపుతూ, యుద్ధం వచ్చినప్పుడు మైదానంలోకి దిగి వేలమందిని కదిలించే ఆట, నిజమైన మధ్యయుగ ఐరోపా మొత్తం పరిచి, ఇప్పటికీ ఇంత నిండుగా ఇంకోటి లేదు. 1080 నుంచి 1530 దాకా 225 టర్నులు. మొదట ఇంగ్లండ్, ఫ్రాన్స్, పవిత్ర రోమన్ సామ్రాజ్యం, స్పెయిన్, వెనిస్ ఈ ఐదే తెరిచి ఉంటాయి, మిగతావి గెలిచేకొద్దీ వస్తాయి.

ఇందులో నాకు బాగా నచ్చే నిర్ణయం ప్రతి ఊరికీ ఎదురవుతుంది: ఇది పట్నంగా ఉండాలా, కోటగా ఉండాలా? పట్నం డబ్బు తెస్తుంది, కోట మంచి సైనికుల్ని ఇస్తుంది. అన్నీ కోటలైతే జీతాలు ఇవ్వలేరు, అన్నీ పట్నాలైతే సరిహద్దు ఆగదు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చుకోవచ్చు గానీ ఖర్చవుతుంది, పైగా అప్పటిదాకా కట్టిన వాటిలో చాలా పోతాయి. సరిహద్దు జరిగిన ప్రతిసారీ ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి.

రాజు పోతే యువరాజు ఎక్కుతాడు, అంతే. రాజ్యం ముక్కలవదు. కుటుంబంలో మగ దిక్కు పూర్తిగా లేకుండా పోతే రాజ్యమే పోతుంది గానీ, దత్తతలు, అల్లుళ్ళు వస్తూ ఉంటారు కాబట్టి జాగ్రత్తగా ఆడేవాళ్ళకు ఆ పరిస్థితి అరుదు. రాజద్రోహం మాత్రం ఉంది. విశ్వాసం తక్కువున్న సేనాపతి సైన్యంతో సహా తిరగబడతాడు. కేథలిక్ రాజ్యమైతే పోప్ ఒక పక్క. సాటి కేథలిక్ మీద దాడి ఆపమని ఆయన చెప్పాక కూడా కొనసాగిస్తే వెలివేస్తాడు, ఆ వెలి పడ్డాక పొరుగువాళ్ళంతా మీ మీద క్రూసేడ్‌కి (పోప్ పిలుపు మీద చేసే మతయుద్ధానికి) రావచ్చు. ఆట మధ్యలో తూర్పు నుంచి మంగోలులు, ఆ తర్వాత తైమూర్ సేనలు వచ్చి పడతాయి. తూర్పున ఆడేవాళ్ళు అందుకు ముందునుంచే సిద్ధపడాలి.

రాయబారం మాత్రం బలహీనం. మిత్రుడు అని సంతకం చేసినవాడు నాలుగు టర్నుల్లో మీ రేవుకు ఓడలు అడ్డం పెడతాడు. మాటకు కట్టుబడే పొరుగువాడు కావాలనుకునేవాళ్ళకు ఈ గేమ్ చిరాకు పుట్టిస్తుంది. పాత గేమ్ కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు. 2007లో వచ్చిన కింగ్‌డమ్స్ విస్తరణతో పాటు అభిమానులు ఆటను మార్చి చేసిన వెర్షన్లు, అదే మాడ్లు, చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్ల మీద కూడా దొరుకుతోంది, కుదించిన వెర్షన్ కాదు, అసలు ఆటే.

అట్టడుగు నుంచి గద్దె దాకా: బ్యానర్‌లార్డ్

మౌంట్ అండ్ బ్లేడ్ 2 బ్యానర్‌లార్డ్‌లో రాజ్యం మీకు ఎవరూ ఇవ్వరు. ఒక గుర్రం, నాలుగు రాళ్ళు, చేతిలో ఒక ఆయుధంతో కల్రాడియా అనే కల్పిత ఖండంలో మొదలవుతారు. 2020 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే పద్ధతిలో) వచ్చి 2022 అక్టోబర్ 25న పూర్తిగా విడుదలైంది. దొంగల్ని కొట్టి, సరుకు కొని అమ్మి, కూలి సేన నడిపి, ఒక రాజు కొలువులో చేరి, చివరికి సొంత జెండా ఎత్తాలి. పైన చెప్పిన గేముల్లో మీరు మ్యాప్ మీద నుంచి చూస్తారు. ఇక్కడ మట్టిలో ఉంటారు. వందలమంది గుర్రపు దళం కొండ దిగుతుంటే దాని మధ్యలో మీరే ఉంటారు, అది వేరే ఏ గేమూ ఇవ్వలేని అనుభూతి.

కానీ నేను చెప్పదలచుకున్నది జెండా ఎత్తాక సంగతి. సొంత రాజ్యం ప్రకటించాలంటే మీ క్లాన్, అంటే మీ కుటుంబమూ అనుచరులూ ఉన్న వర్గం, నాలుగో స్థాయికి చేరాలి, చేతిలో ఒక పట్నమో కోటో ఉండాలి. ఆ స్థాయి రాగానే ప్రకటించేయడం చాలామంది చేసే పని. అప్పుడు మీ రాజ్యంలో ఉండేది మీ క్లాన్ ఒక్కటే, ఎదురుగా ఎనిమిది రాజ్యాలు. ఒకరితో సంధి చేసుకుంటే ఇంకొకరు యుద్ధం ప్రకటిస్తారు. మీరు ఉత్తరాన కోట ముట్టడిస్తుంటే దక్షిణాన మీ పల్లెలు తగలబడుతుంటాయి. అందుకే ముందు వేరే రాజు కొలువులో ఉండి, అక్కడి క్లాన్ పెద్దలతో స్నేహం పెంచుకుని, బాగా డబ్బు కూడబెట్టుకున్నాకే బయటకు రావాలి. రేపు వాళ్ళే మీ సామంతులు అవుతారు. భూమి లేని క్లాన్లు తొందరగా వస్తాయి. వచ్చాక భూమి ఇవ్వకపోతే అంతే తొందరగా పోతాయి.

మొదటి పట్నం విషయంలో ఒక కిటుకు. కొలువులో ఉండగా రాజు ఇచ్చిన పట్నాన్ని అట్టిపెట్టుకుని బయటికొస్తే ఆయనతో యుద్ధం తప్పదు. దానికి బదులు తిరుగుబాటు జరిగిన పట్నం కోసం కాచుకోండి. తిరగబడ్డవాళ్ళు ఏ రాజ్యానికీ చెందరు కాబట్టి, వాళ్ళ దగ్గర నుంచి తీసుకుంటే ఏ రాజూ మీ మీదకు రాడు. అయితే అదే తిరుగుబాటు మీ మీద కూడా జరగవచ్చు. ప్రతి పట్నానికీ విధేయత అనే అంకె ఉంటుంది, అది 25 కన్నా దిగితే ప్రమాదం. పట్నం సంస్కృతి ఒకటి, మీది ఇంకోటి అయితే అది రోజూ కొంచెం కొంచెం కారిపోతుంది. ఆ ఊరి సంస్కృతికి చెందిన మనిషిని గవర్నర్‌గా పెట్టడం, కొన్నాళ్ళు ఇతర నిర్మాణాలు ఆపి ఉత్సవాలు జరిపించడం రెండూ పనిచేస్తాయి. గోడల వెనక పెద్ద సేన ఉంచితే చాలదా అనుకోకండి, ఆ సేన తిండి కూడా ఊరే పెట్టాలి. గాదెలు ఖాళీ అయితే మొత్తం కూలుతుంది.

గెలిచిన కోట ఎవరికి దక్కాలన్నది ఓటింగ్‌తో తేలుతుంది. రాజుగా మీరు ఓటును కాదని ఇష్టమైనవాడికి ఇవ్వవచ్చు, అందుకు పలుకుబడి ఖర్చవుతుంది, కొందరి మనసు విరుగుతుంది. రాజరికపు కష్టం బ్యానర్‌లార్డ్‌లో బాగా తెలిసేది ఈ ఒక్క చోటే. మిగతా పరిపాలన పల్చన. పన్నుల విధానం, న్యాయం, కుటుంబ రాజకీయం లోతుగా ఉంటాయని ఆశపడవద్దు. ఇక్కడ ఏడాదికి 84 రోజులే కాబట్టి ముసలితనం త్వరగానే వస్తుంది. రాజు పోతే క్లాన్‌లోని వారసుడిగా కొనసాగుతారు, రాజ్యం పంపకాలు ఉండవు. ఈ చావుపుట్టుకలే వద్దనుకుంటే ఆట మొదట్లోనే ఆపేసుకునే సౌకర్యం ఉంది. నేనైతే ఆపను.

గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్ మీద దీని జోలికి వెళ్ళవద్దు. అలాంటివాళ్ళకు ఇదే మౌంట్ అండ్ బ్లేడ్ వరసలోని 2010 నాటి వార్‌బ్యాండ్ ఉంది. అందులో సింహాసనం మీద మీ హక్కును జనం ఎంత ఒప్పుకుంటున్నారో లెక్క ఉంటుంది, దాన్ని పెంచడానికి మీ అనుచరుల్ని ఊళ్ళ మీదకు పంపి ప్రచారం చేయించాలి. ఈ ముచ్చట కొత్తదాంట్లో లేకపోవడం నాకు లోటే.

ధాన్యం కొట్టే రాజ్యం: స్ట్రాంగ్‌హోల్డ్, మేనర్ లార్డ్స్

ఈ రెండిట్లో మీరు ఏలేది సామ్రాజ్యం కాదు, ఒక కోట, దాని చుట్టూ ఊరు. వంశాల గొడవ లేకుండా, ఒక ఊరు కడుపు నింపుకోవడం చూస్తూ ఆడాలనుకునేవాళ్ళకు ఇవే.

2001 నాటి స్ట్రాంగ్‌హోల్డ్‌లో అన్నిటికీ మూలం జనాదరణ అంకె. నూరుకు యాభై కన్నా తగ్గితే జనం ఊరు వదిలి పోతారు. పన్ను పెంచితే అది పడుతుంది, రేషన్ పెంచితే లేస్తుంది. ఆపిల్, జున్ను, మాంసం, రొట్టె నాలుగూ కొట్టులో ఉంటే రకాలు ఎక్కువైనందుకు ఇంకొంచెం లేస్తుంది. రొట్టె కావాలంటే గోధుమ పొలం, మర, బేకరీ వరసగా ఉండాలి. మధ్యలో ఏ ఒక్కటి ఆలస్యమైనా చివర తిండి ఆగుతుంది. తోటలు, పండగ స్తంభాలు పెట్టి జనాన్ని సంతోషపెట్టవచ్చు. ఉరికంబాలు పెట్టి భయపెడితే పని ఎక్కువ చేస్తారు గానీ ఆదరణ పోతుంది. ఎడారి నేపథ్యంలో సాగే స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్ అనే భాగంలో పొలాలు పచ్చగా ఉన్న ఒయాసిస్సుల్లోనే వేయగలరు, కాబట్టి ప్రతి పచ్చని ముక్క కోసం పక్కవాడితో కొట్లాట. ఈ రెండూ మెరుగుపరచిన డెఫినిటివ్ ఎడిషన్లుగా 2023లో ఒకటి, 2025లో ఒకటి వచ్చాయి. రాజు పోయిన మర్నాడు అనేదే ఇక్కడ లేదు. మీ దొర చనిపోతే ఓడిపోయినట్టే.

మేనర్ లార్డ్స్ 2024 ఏప్రిల్ 26న ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది. ఎక్కువభాగం ఒకే మనిషి చేసిన గేమ్ అంటే చూసినవాళ్ళు నమ్మరు. కొద్దిపాటి కుటుంబాలు, ఒక ఎద్దుతో ఊరు మొదలవుతుంది. దుంగలు లాగేది ఆ ఎద్దే, కాబట్టి రెండో ఎద్దు కొనే దాకా ప్రతి ఇల్లూ దాని కోసం ఎదురుచూడాలి. చలికాలానికి కట్టెలు, తిండి సమకూర్చాలి. ఇంటి పెరట్లో కూరగాయలు వేయాలో కోళ్ళు పెంచాలో మీరే చెప్పాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది సైన్యం. యుద్ధానికి పిలిస్తే వచ్చేది పొలంలో, అడవిలో పనిచేసే ఆ మగవాళ్ళే. వాళ్ళు పోతే ఆ ఇంటి పని ఆగుతుంది, చలికాలం కట్టెలు తగ్గుతాయి. యుద్ధానికి అసలు ఖరీదు ఇంత సూటిగా చూపించే గేమ్ ఈ వరసలో ఇంకోటి లేదు. దొర ముసలివాడై పోవడం, వారసుడు రావడం లాంటివి లేవు. ఎర్లీ యాక్సెస్‌లో మొదలైన గేమ్ కాబట్టి అప్‌డేట్లతో నియమాలు బాగా మారుతుంటాయి, పాత వీడియోల్లో చెప్పిన చిట్కాలు పనిచేయకపోవచ్చు.

రెండిట్లో ఏది? చురుగ్గా, పక్కవాడి కోట పడగొట్టాలన్న కసితో ఆడేవాళ్ళకు స్ట్రాంగ్‌హోల్డ్. నిదానంగా, ఊరు పెరగడం చూస్తూ సాయంత్రాలు గడపాలనుకుంటే మేనర్ లార్డ్స్, మెషీన్ బాగుంటే.

మధ్యస్థంగా ఉండేవి, ఫోన్లో ఆడేవి

క్రూసేడర్ కింగ్స్ బరువు, టోటల్ వార్ పాతదనం రెండూ వద్దనుకునేవాళ్ళకు 2022 డిసెంబర్‌లో వచ్చిన నైట్స్ ఆఫ్ హానర్ 2 సరిపోతుంది. కొలువులో పరిమితంగా చోట్లు ఉంటాయి. వాటిలో సేనాపతి, వర్తకుడు, రాయబారి, మతాధికారి, గూఢచారి ఎవరెవరు ఎంతమంది అన్నదే మీ పరిపాలన. ఇద్దరు వర్తకుల్ని పెట్టుకుంటే ఒక సేనాపతి తగ్గుతాడు. అర్థమవడానికి ఒక సాయంత్రం చాలు. లోతు అందుకు తగ్గట్టే ఉంటుంది.

ఫోన్లో అయితే మెడీవల్ 2 కాక ఇంకో రెండు చూడండి. 2016లో వచ్చిన రీన్స్‌లో కార్డుని ఎడమకో కుడికో తోయడమే మొత్తం పరిపాలన. చర్చి, జనం, సైన్యం, ఖజానా అని నాలుగు కొలతలు. ఏది అడుగంటినా చావే, ఏది పొంగిపోయినా చావే. ఆ మర్నాడు కొత్త రాజు. సైన్యం మరీ బలపడితే రాజుకే ముప్పు అన్న సంగతిని పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెబుతుంది. కింగ్‌డమ్ టూ క్రౌన్స్‌లో మీ చేతిలో ఉండేది నాణేలు మాత్రమే. ఎవరికి, దేనికి నాణెం వేస్తారన్నదే ఆజ్ఞ. రాత్రిపూట వచ్చే జీవులు కిరీటం ఎత్తుకుపోతే ఆ పాలన ముగిసి తర్వాతి పాలన మొదలవుతుంది. బొమ్మలా అందంగా ఉంటుంది, ఇద్దరు కలిసి ఆడవచ్చు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పేరు ఈ జాబితాల్లో తప్పకుండా వినిపిస్తుంది. 1999 నుంచి బతికున్న గొప్ప గేమ్, 2019 డెఫినిటివ్ ఎడిషన్ ఇంకా బాగుంది. కానీ అది యుద్ధం, పాలన కాదు. ఒక్కో ఆట ఒక్కో పోటీ, అయిపోగానే ఆ రాజ్యం ఉండదు. యూరోపా యూనివర్సాలిస్ 4 కూడా 1444లో మొదలై వలసల కాలం వైపు పోతుంది, అందులో రాజు అంటే ప్రధానంగా మూడు అంకెలు. దాని తర్వాతి ఐదో భాగం 1337కే మొదలవుతుంది గానీ, మొదటి గేమ్‌గా ఎవరికీ చెప్పను.

ఇక ఎంపిక

చాలామంది ఊగిసలాడేది క్రూసేడర్ కింగ్స్ 3, బ్యానర్‌లార్డ్ మధ్య. కథ మీ తలలో నడవాలా, కళ్ళ ముందు నడవాలా అన్నది చూసుకోండి. యుద్ధం గెలిచాక మీకు మిగిలే ఆలోచన "ఈ కోట ఎవరికిస్తే రేపు గొడవ రాదు" అయితే మొదటిది. "ఆ గుర్రపు దళం కుడివైపు నుంచి వచ్చుంటే ఇంకా బాగుండేది" అయితే రెండోది. రెండూ కావాలి, ఒకే గేమ్‌లో కావాలి అంటే మెడీవల్ 2 దగ్గరకు రండి. రెండిట్లోనూ కొంత లోతు తగ్గుతుంది, కానీ రెండూ ఉంటాయి.

సమయం కూడా చూసుకోవాలి. రోజుకు అరగంట మాత్రమే దొరికేవాళ్ళకు టర్నుల వారీ గేమ్ హాయి, ఎక్కడ ఆపినా నష్టం లేదు. క్రూసేడర్ కింగ్స్‌లో ఎప్పుడైనా పాజ్ చేయవచ్చు గానీ, వారం గ్యాప్ వస్తే ఎవరు ఎవరికి బావమరిదో మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలి. బ్యానర్‌లార్డ్‌లో ముట్టడి మధ్యలో సేవ్ చేసి లేవడం కుదరదు.

డీఎల్‌సీల గురించి ఒక్క మాట. క్రూసేడర్ కింగ్స్ 3కి అవి చాలా ఉన్నాయి, అన్నీ కలిపితే బేస్ గేమ్ కన్నా ఎన్నో రెట్లు అవుతుంది. మొదట ఏదీ కొనకండి. ఒక వంశాన్ని మూడు తరాలు బేస్ గేమ్‌తోనే నడపండి. ఆ తర్వాత కూడా ఆకలి ఉంటే రోడ్స్ టు పవర్ మొదట తీసుకోండి. అది ఉంటే భూమంతా పోయినా ఆట ముగియదు, ఊరూరా తిరిగే సాహసికుడిగా సాగించి మళ్ళీ గద్దె కోసం ప్రయత్నించవచ్చు.

కొన్నాక కూడా నిర్ణయం మార్చుకునే వీలుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ రెండు గంటల్ని ట్యుటోరియల్‌లోనే ఖర్చు పెట్టేయకండి. క్రూసేడర్ కింగ్స్ 3 అయితే ట్యుటోరియల్ సగంలో ఆపి, అరవై దాటిన, ఇద్దరు ముగ్గురు కొడుకులున్న పాలకుణ్ణి ఎంచుకుని వేగం పెంచి వదలండి. గంటలోపే వారసత్వం వచ్చే అవకాశం ఎక్కువ, ఆ తర్వాతి పదేళ్ళు నిలబెట్టాలని మీకు అనిపిస్తుందో లేదో అప్పుడు చూసుకోండి. బ్యానర్‌లార్డ్ అయితే ముందు కస్టమ్ బ్యాటిల్‌లోకి (కథతో సంబంధం లేకుండా ఒక్క యుద్ధం ఆడే చోటుకి) వెళ్ళి సేనల సంఖ్య వెయ్యికి పెట్టి ముట్టడి ఒకటి ఆడండి. మెషీన్ నత్తనడక నడిస్తే సంఖ్యను సగానికి దించి మళ్ళీ చూడండి. అప్పటికీ తడబడుతుంటే డబ్బు వెనక్కి తీసుకుని వార్‌బ్యాండ్ కొనుక్కోండి.